వీపుతో విన్నవి

ఆదోని పత్తి మార్కెట్టు తూర్పు గోడ
అరవై అడుగుల పొడుగు.
ఆస్పత్రోళ్లు అడుగుకింతని బేరమాడి
నీలం రంగుతో రాయమన్నారు:
"మనసుకూ జబ్బు చేస్తుంది. దానికీ మందుంది."
కింద ఐదంకెల ఫోన్ నంబరు.

సున్నం రెండుసార్లు కొట్టినా పాతవి కనపడతానే ఉండాయి:
పత్తి విత్తనాల కంపెనీ పువ్వు,
గెలిచినోళ్ల గుర్తూ ఓడినోళ్ల గుర్తూ,
పోలియో చుక్కల పాపది ఒక కన్ను.
ఆ కన్ను మీదనే 'మ' రాసినా.
ముప్పై ఏండ్లాయ, హుసేనప్ప ఆర్ట్స్ అంటే నేనే.
రాసిన మాట నిజమా అని ఏ గోడ కాడా అడగలేదు.

మొదటి దినం ఎవరూ నిలబడలా.
రెండో దినం నిచ్చెన మీదుండంగా
ఎనక నుంచి ఒక గొంతు:
"అదేం రాస్తాండావప్పా? నాకు సదువు రాదు."
తిరగబోతి.
"తిరగొద్దులే, నీ పని చేసుకో" అనింది.
సదివి ఇనిపిచ్చినా.
కాసేపు ఏం మాట లేదు. బొరుగుల గంప వాసన ఒకటే.
"మా ఆయప్ప రెండేండ్లాయ,
అన్నం ముందర పెడితే
అన్నాన్నే చూస్తా కూచుంటాడు.
తాయెత్తులు కట్టిస్తిమి, అమాసకమాస తిరిగితిమి,
దుడ్లన్నీ నిమ్మకాయలకే అయిపాయ.
దీనికి మందుంటాదా, నిజంగా?"

నాకేం తెలుసు, రంగులోణ్ణి.
"ఉంటాదనే రాయమన్నారమ్మా" అంటి.
"అయితే ఆ నంబరు నా చేతి మీద రాయి."
అప్పుడు తిరిగినా.
సన్న కుంచె తీసి, మణికట్టు కింద
పచ్చబొట్టు పక్కన ఐదంకెలు రాసినా.
గోడ కంటే కష్టం చెయ్యి మీద రాసేది,
వణుకుతాంటాది.
ఎవరి చెయ్యో సరిగ్గా చెప్పలేను.

ఆ పొద్దు నుంచి చూస్తాండా,
మొగం చూస్తే గొంతులోనే అణిగిపొయ్యే మాట
వీపును చూస్తే బయటికొస్తాది.
జిన్నింగు మిల్లు హమాలీ బీడీ ఆర్పి చెప్పినాడు,
రాత్రి రెండుకే మెలకువంట,
ఎద మీద పత్తి బోరెం పెట్టినట్లుంటాదంట,
మోసేది పగలే అయిపోయిందిగదా, ఇదెవరిదంటాడు.
కాలేజీ పిల్లోడు సైకిలు దిగకుండానే:
"అన్నా, ఇది పిచ్చోళ్లకేనా,
ఊరికే ఏడుపొచ్చేవాళ్లకు కూడానా?"
ఆస్పత్రోళ్లు ఇచ్చిన కాగితం జేబులో నుంచి తీసి ఎతికినా.
పిచ్చి అనే మాట యాడా లేదు.
అది మా నోళ్లలోనే ఉండాది,
ఎన్ని కోట్లు కొట్టినా పైకి తేలే పాత రాత మాదిరి.

ఇంట్లో మా మౌలాలి.
నా కంటే మంచి అక్షరం వానిది.
గీత గీయకుండా సున్న చుట్టేవాడు, దారం కట్టి చూసినా తప్పుండదు.
ఫ్లెక్సీలొచ్చినాయి, పని పాయ.
కుంచెలు కిరసనాయిల్లో నానబెట్టి మళ్లీ తియ్యలా.
గోడ తట్టు తిరిగి పండుకున్నాడు,
ఏడాది దాటింది.
సోంబేరి అని మొదట తిట్టింది పక్కింటోళ్లు కాదు,
నేను. నలుగురి ముందర, టీ అంగడి కాడ.

నిన్న రాత్రి ఉగ్గాణి పొట్లం పక్కన పెట్టి
వాని ఎనకాల కూచుంటి.
మొగం కనపడదు. మంచిదే అనిపించింది.
ఆ వీపుకు చెప్పినా అన్నీ,
బొరుగులామె చెయ్యీ, హమాలీ బోరెమూ, సైకిలు పిల్లోడూ.
చివరికి టీ అంగడి మాట కూడా.
"తప్పు నాదిరా" అని అనాలనుకున్నా,
"గోడ బాగొచ్చింది, చూస్తువు రా" అని వచ్చింది నోట్లో నుంచి.

చానాసేపటికి
గోడ తట్టు నుంచే, నీల్లు తాగని గొంతుతో:
"నీలమా? ఆ దుమ్ముకు నీలం నిలబడదు.
ఇంగొక కోటు కొట్టు."

బుధవారం డాక్టరొస్తాడంట.
చీటీకి దుడ్లు కట్టాల్నో, ఊరికేనో
కనుక్కోవాల.